విలువ అడిగిన మేడమ్

పని దిగే గంట కొట్టగానే ఆ లాండ్రీలో జనం రెండు పాయలుగా చీలిపోయేవాళ్లు. పాతవాళ్లు వెనక పెరట్లోకి, కొత్తవాళ్లు గేటు వైపు.

పెరడంటే ఒకప్పుడు దుప్పట్లు ఆరేసిన స్థలం. ఊళ్లో ఆసుపత్రుల దుప్పట్లూ, హోటళ్ల తువ్వాళ్లూ అన్నీ ఉతుకుడికి ఇక్కడికే వస్తాయి. ఆరబెట్టే మిషన్లు వచ్చాక తాళ్లు పోయాయి, ఇనప స్తంభాలు మాత్రం ఉత్తినే నిలబడిపోయాయి. వాటిలో రెండింటి మధ్య ఎవరో వల కట్టారు, నేల మీద సున్నంతో గీతలు గీశారు. అప్పట్నుంచీ పాతవాళ్లు ఇళ్లకు పోయేముందు కాసేపు అక్కడ వాలీబాల్ ఆడతారు. ఆడతారనడం మర్యాద కోసం. ఆడేదానికంటే ఒకళ్లనొకళ్లు తిట్టుకునేదే ఎక్కువ. ఉతుకుడు మిషన్ల దగ్గర పనిచేసే లావుపాటాయన్ని అందరూ డ్రమ్ము అంటారు. అతను బంతి కోసం ఎగిరితే అవతలి పక్షం ఆట ఆపేసి, "పక్కకు తప్పుకోండిరా, మళ్లీ దిగుతున్నాడు" అంటుంది. "నా బరువు సంగతి మా ఆవిడ చూసుకుంటుందిలే, మీరు బంతి సంగతి చూడండి" అంటాడు డ్రమ్ము.

ఈ గుంపుకి పెద్ద మడతల మేస్త్రి. వేడి రోలరు కింద నుంచి కాగితంలా సాపుగా వచ్చే దుప్పట్లను ఇద్దరిద్దరి చేత మడతపెట్టించడం అతని పని. నడివయసు దాటుతున్నాడు, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అయినా వల దగ్గర నిలబడి, కొట్టేవాడి చేతికి అందేలా బంతి లేపి ఇవ్వడంలో అతని తరవాతే ఎవరైనా. కానీ కొంతకాలంగా అతని చూపు బంతి మీద నిలవడంలేదు. గేటు మీదికి పోతోంది. గోడ వారన తల వంచుకుని గేటు వైపు పోయేవాళ్లలో అతని తమ్ముడున్నాడు.

కొత్తవాళ్లంతా బట్టలమిల్లు మూతపడితే వచ్చినవాళ్లు. పాతికేళ్లు మగ్గాల మధ్య బతికి, ఒకరోజు పొద్దున గేటుకి తాళం చూసి, దొరికిన పనికల్లా చెయ్యి చాపినవాళ్లు. ఈ లాండ్రీలో వాళ్లకి మురికి గుడ్డలు విడదీసే గది ఇచ్చారు. రక్తం అంటినవి ఒక కుప్ప, కూర మరకలవి ఇంకో కుప్ప. కొత్తవాళ్లకి మంచి పని ఎక్కడైనా ఎవరిచ్చారు గనక.

మేస్త్రి తమ్ముడు అంతకుముందు ఇలాంటి మనిషి కాడు. మగ్గాల హోరులో మాట వినపడదు కాబట్టి మిల్లువాళ్లు చేతులతో మాట్లాడుకునేవాళ్లు. అందులో తమ్ముడిది అందె వేసిన చెయ్యి. సూపర్‌వైజరు నడకని, ఇంట్లో వదిన విసుగుని, అన్న గురకని కూడా చేతులతోనే చేసి చూపిస్తే, ఇరుగుపొరుగు పిల్లలు కడుపు పట్టుకుని దొర్లేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. అన్న ఇంట్లోనే ముందుగదిలో ఉంటాడు. మిల్లు పోయాక ఆ చేతులు ఒళ్లోకి దిగిపోయి అక్కడే ఉండిపోయాయి.

"మీ తమ్ముడు ఇంట్లో ఉన్నాడో లేడో కుర్చీలోకి తొంగి చూస్తేగానీ తెలియట్లేదండీ," అంది మేస్త్రి భార్య ఒకనాడు. "నిన్న అతని ఒళ్లో తువ్వాలు ఆరేయబోయాను."

"వెటకారం తరవాత. నువ్వేమైనా మాట్లాడించరాదూ."

"మాట్లాడించాను. కూరలో ఉప్పు తగ్గిందా మరిదీ అంటే, బాగుంది వదినా అన్నాడు. అసలు వెయ్యనే లేదు నేను. పరీక్షకని."

మేస్త్రి నవ్వబోయి ఆగిపోయాడు. తమ్ముడు ఒక్కసారి ఆ పెరట్లోకి వచ్చి, బంతి చేజారి, డ్రమ్ము చేత నాలుగు మాటలు అనిపించుకుని, తిరిగి ఒక్కటి అంటే చాలునని అతని ఆశ. పాయింట్లు ఎవడికి కావాలి? మనిషి మనుషుల్లో పడితే చాలు. ఎన్నోసార్లు పిలిచాడు. "నాకు రాదన్నా" అనేవాడు తమ్ముడు. "రాకపోతేనే రారా, వచ్చినవాళ్లు ఎవరున్నారిక్కడ" అన్నా ఫలితం లేకపోయింది.

ఆ రోజుల్లో మేడమ్ వచ్చింది. గది తలుపు మీద 'సంక్షేమాధికారి' అని రాయించారు. అంత పేరు పలికే ఓపిక లేక జనం 'క్షేమం మేడమ్' అన్నారు. చిన్న వయసు. అందరినీ మీరు అంటుంది. రోలరు వేడి దగ్గరికి కూడా వచ్చి నిలబడి, చెమటలు కారుతున్నా నవ్వుతూనే ఉంటుంది. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు, తిట్టుకుని ఊరుకునేవాళ్లు.

ఒకరోజు మేస్త్రిని తన గదికి పిలిచింది. "మీరు రోజూ ఆడతారు కదా. కొత్తవాళ్లు ఎందుకు రారు?"

"పిలిచాం మేడమ్. రారు. మొహమాటం."

"పిలిస్తే రారు మేస్త్రిగారూ. బతిమాలితే అసలు రారు. మాకు నేర్పించిన పద్ధతి ఒకటుంది. ఆట గురించి ముందు ఎత్తకూడదు. ముందు ఆ మనిషి జీవితంలో దేనికి విలువ ఇస్తాడో కనుక్కోవాలి. ఒకరికి కుటుంబం, ఒకరికి స్నేహం, ఒకరికి ఆరోగ్యం. ఎవరి విలువ ఏదో తెలిస్తే, ఆ దారిలోనే ఆటలోకి తీసుకురావచ్చు. స్నేహం ముఖ్యమనుకునే మనిషికి, ఇక్కడ స్నేహితులు దొరుకుతారని చెప్తాం. అంతే. తన విలువ కోసం తనే వస్తాడు."

మేస్త్రికి ఆ మాట నచ్చింది. బడి మానేసి పనిలో చేరిన దగ్గర్నుంచి, నీకేది ముఖ్యమని అతన్ని అడిగినవాళ్లు లేరు. ఎన్ని దుప్పట్లయ్యాయని అడిగినవాళ్లే అందరూ.

"అయితే మా తమ్ముడితో మొదలుపెట్టండి మేడమ్," అన్నాడు. "వాడొస్తే మిగతావాళ్లు వాడి వెనకే వస్తారు."

మర్నాడే మేడమ్ విడదీసే గదికి వెళ్లింది. పక్కనే ఉతుకుడు మిషన్లు తిరుగుతున్నాయి, గదంతా దడదడ. తమ్ముడు మోకాళ్ల లోతు గుడ్డల్లో నిలబడి ఉన్నాడు. మేడమ్ ఒక మూట మీద కూర్చోబోయింది. అది ఆసుపత్రి మూట అని అతను కంగారుగా చెయ్యి అడ్డం పెట్టి, శుభ్రమైన పెట్టె ఒకటి లాగి వేశాడు. మేస్త్రి తోపుడు బండి పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తన పని ఏమీ లేదక్కడ. చెవి మాత్రం అక్కడుంది.

"మీ విలువలేంటో నాకు చెప్తారా?" అంది మేడమ్ గొంతు పెంచి.

తమ్ముడు చేతిలోని దిండుగలీబు కింద పెట్టేశాడు. "నా విలువా మేడమ్?"

"అవునండీ, మీ విలువే. తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పండి. అందరినీ అడుగుతున్నాను."

"అందరినీ అడుగుతున్నారా?"

"కొత్తవాళ్లందరినీ."

తమ్ముడు గోడకేసి చూశాడు, గుడ్డల కేసి చూశాడు. తరవాత మాట్లాడటం మొదలుపెట్టాడు. మిల్లు మూతపడ్డాక అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం మేస్త్రి వినలేదు. "నేను తడి మూట కూడా ఒక్కణ్ణే ఎత్తుతాను మేడమ్. ఇంకో మనిషి అక్కర్లేదు. సెలవు పెట్టను. మొన్న జ్వరంలో కూడా వచ్చాను, కావాలంటే మా అన్నని అడగండి. మరకల కుప్పలు ఎప్పుడూ కలపలేదు. భోజనం తొందరగా తినేస్తాను. కష్టపడతాను మేడమ్. కష్టమే నా విలువ."

మేడమ్ ముఖం వెలిగిపోయింది. "ఎంత బాగా చెప్పారు. మరి ఆ కష్టపడే గుణం ఆటలో కూడా చూపించొచ్చు కదా? రేపు సాయంత్రం పెరట్లోకి వస్తారా?"

"వస్తాను మేడమ్. రాకుండా ఎలా ఉంటాను."

బండి తోసుకుంటూ పోతున్న మేస్త్రికి ఒళ్లంతా తేలికైనట్టనిపించింది. ఎన్ని నెలలు పిలిచాడు తను. ఒక్క ప్రశ్నతో తెచ్చేసింది పిల్ల. చదువంటే ఇదీ అనుకున్నాడు. ఆ పూట డ్రమ్ముతో కూడా చెప్పాడు. "మా వాడు రేపొస్తాడ్రా. మొదటిరోజు మరీ ఎక్కువ అనకు, కొంచెం చూసి అను."

సాయంత్రానికి మేడమ్ కొత్తవాళ్లందరినీ అడిగేసింది. వెళ్తూ మేస్త్రి దగ్గర ఆగింది. "చిత్రంగా ఉందండీ. అందరిదీ ఒకటే విలువ. కష్టం. ఒక్కరు కూడా కుటుంబం అనలేదు, స్నేహం అనలేదు. ఎంత నిజాయితీగల మనుషులో."

మేస్త్రికి అప్పుడు కాస్త తేడాగా అనిపించింది. కానీ రోలరు ఆపుతూ ఆ తేడాని కూడా ఆపేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు కంచంలో చెయ్యి పెట్టి కదపడంలేదు.

"ఏం మరిదీ," అంది వదిన, "ఈపూట ఉప్పు వేశాను, తినొచ్చు."

తమ్ముడు అన్న వైపు చూశాడు. "ఎప్పుడు మూస్తారన్నా?"

"ఏంటి మూసేది?"

"లాండ్రీ. విలువ కడుతున్నారుగా."

మేస్త్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మిల్లులో కూడా ఇలాగే వచ్చాడన్నా ఒకాయన. మంచివాడే. నవ్వుతూ మాట్లాడాడు. ఒక్కో మగ్గం దగ్గర ఆగి, దీని విలువెంత, ఇది ఎన్నాళ్లు పనిచేస్తుంది అని అడిగాడు. చేసేవాళ్లని కూడా అడిగాడు. మేం ఆయనకి కుర్చీ వేశాం, నీళ్లిచ్చాం. విలువ కట్టడం అయిపోయిన వారానికి గేటుకి తాళం. మగ్గాలు అమ్ముకున్నారు, మమ్మల్ని కొనేవాడు దొరకలేదు. ఇప్పుడు ఈమె కొత్తవాళ్ల విలువే అడుగుతోంది. పాతవాళ్లని అడగలేదు. అంటే లాండ్రీ మూయరులే. మమ్మల్ని ఏరేస్తారు."

"ఒరేయ్, అది కాదురా. విలువ అంటే ఆ విలువ కాదు. నీకేది ముఖ్యం, నువ్వు దేన్ని గొప్పగా చూసుకుంటావు అని. నిన్ను ఆటకి రప్పించడానికి అడిగింది."

"ఆటకి రమ్మనడానికి నా విలువెందుకన్నా?"

మేడమ్ గదిలో అంత బాగున్న మాట ఈ కంచాల మధ్యకి వచ్చేసరికి ఎందుకు చచ్చిపోయిందో మేస్త్రికి అర్థం కాలేదు. "నేను ఉన్నానుగా అక్కడ. అలాంటిదేదైనా ఉంటే నాకు తెలియదా? మేస్త్రిని నేను."

"మా మిల్లులో మేస్త్రికి కూడా తెలియదన్నా," అన్నాడు తమ్ముడు మెల్లిగా, అన్నని నొప్పించకుండా. "ఆయనే మాకు ధైర్యం చెప్పాడు. తాళం పడ్డ రోజు ఆయన కూడా భోజనం డబ్బా పట్టుకుని వచ్చాడు పాపం."

మర్నాడు గంట కొట్టగానే గేటు వైపు ఒక్కరూ పోలేదు. కొత్తవాళ్లంతా పెరట్లోకి వచ్చారు. తువ్వాళ్లు నడుముకి బిగించుకుని, చెప్పులు గోడ పక్కన ఒక వరసలో విడిచి, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డారు. ఎవరూ గీత తొక్కలేదు. మేడమ్ కిటికీ దగ్గర చప్పట్లు కొట్టింది.

ఆట మొదలైంది. అలాంటి ఆట ఆ పెరట్లో ఎవరూ చూసి ఉండరు. బంతి వస్తే ముగ్గురు ఒక్కసారే పడి ఒకరినొకరు గుద్దుకున్నారు. ఒకాయన మోచెయ్యి కొట్టుకుపోతే, "ఏం లేదు, ఏం లేదు" అంటూ చొక్కా చేతిని దాని మీదికి లాక్కుని మళ్లీ నిలబడ్డాడు. నవ్వు లేదు, తిట్టు లేదు. బంతి అందక కిందపడితే పడిన మనిషి మేడమ్ కిటికీ వైపు చూస్తాడు. తమ్ముడి చేతుల్లోంచి బంతి జారినప్పుడల్లా, "క్షమించాలి, ఇంకోసారి చూడండి" అంటున్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియదు. అందరితోనూ.

డ్రమ్ము తన వంతుగా ప్రయత్నించాడు. "ఏం తమ్ముడూ, మీ అన్న దుప్పట్లు మడతపెడితే నువ్వు బంతిని మడతపెడుతున్నావే," అన్నాడు.

"అలవాటు లేదండీ. నేర్చుకుంటాను. రేపటికి తేడా చూస్తారు," అన్నాడు తమ్ముడు చేతులు కట్టుకుని.

డ్రమ్ము నోరు మూతపడింది. ఆ నోరు మూతపడటం మేస్త్రి ఎన్నడూ చూడలేదు. కాసేపటికి పాతవాళ్లు కూడా మాట్లాడటం మానేశారు. ఇంటి దగ్గర పనుందని ఒకరు, కాలు బెణికిందని ఒకరు తప్పుకున్నారు. మేస్త్రి బంతి లేపి ఇస్తూనే ఉన్నాడు. తమ్ముడు కొడుతూనే ఉన్నాడు, వలకి.

"చూశారా మేస్త్రిగారూ," అంది మేడమ్ తరవాత. "పద్ధతి ఎలా పనిచేసిందో. ఒక్కరు కూడా మానలేదు."

ఇక దాచి లాభం లేదనుకుని మేస్త్రి చెప్పేశాడు. మిల్లు సంగతి, విలువ కట్టినాయన సంగతి, ఆ మాట వాళ్ల చెవికి ఎలా వినపడిందో అంతా. మేడమ్ కుర్చీలో కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో. ఇప్పుడే అందరికీ చెప్పేస్తాను," అంది.

"వద్దు మేడమ్. కాస్త ఆగండి, దానంతటదే..."

ఆగలేదు. మంచివాళ్లకి ఆగడం తెలియదు. మర్నాడు భోజనాల వేళ కొత్తవాళ్లని పిలిచి నిలబెట్టి, చేతులు జోడించి మరీ చెప్పింది. "నేను అడిగినదానికీ మీ ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. ఆటకి రావడం, రాకపోవడం మీ ఇష్టం. ఎవరినీ తీసెయ్యరు. దయచేసి ఎవరూ భయపడొద్దు."

కొత్తవాళ్లు బుద్ధిగా విన్నారు. తలలూపారు. వెళ్లేటప్పుడు ఒకాయన "చాలా సంతోషం మేడమ్" అని కూడా అన్నాడు. మేస్త్రి వాళ్ల మొహాలు చూస్తున్నాడు. నిన్నటిదాకా అనుమానం ఉన్న మొహాలు అవి. ఇవాళ అనుమానం తీరిపోయింది.

"ఎవరూ భయపడొద్దు," అన్నాడు తమ్ముడు, ఆ సాయంత్రం నడుస్తూ. "మాట కూడా మార్చలేదన్నా. అక్కడ మాకు సరిగ్గా ఇదే చెప్పారు."

ఆ తరవాత కొత్తవాళ్లు గంట కొట్టీ కొట్టకముందే పెరట్లో ఉండసాగారు. ఎవరో రాయి తెచ్చి స్తంభాలకి పట్టిన తుప్పు గోకారు. ఇంకెవరో సున్నపు గీతలు మళ్లీ గీశారు, ముందుకంటే తిన్నగా. పాతవాళ్లు ఇప్పుడు గేటు వైపు పోతున్నారు. "ఇది ఆట కాదురా మేస్త్రీ, రెండో షిఫ్టు," అన్నాడు డ్రమ్ము, సైకిలెక్కుతూ. "నాకు ఒకటి చాలు."

మేస్త్రికి ఇంకేం తోచలేదు. అసలు ఆటే లేకుండా చేస్తే పోతుందనుకున్నాడు. ఒక సాయంత్రం బంతిని తన అలమరలో పెట్టి తాళం వేసి, ఉత్త చేతులతో పెరట్లోకి వచ్చాడు. అందరూ వాళ్ల వాళ్ల చోట్లలో నిలబడి ఉన్నారు.

"ఇవాళ ఆట లేదు. అందరూ ఇళ్లకి పోయి కాస్త నడుం వాల్చండి."

ఎవరూ కదల్లేదు. మోచెయ్యి కొట్టుకుపోయిన ఆయన ఒక అడుగు ముందుకొచ్చాడు. "అంటే అయిపోయిందా మేస్త్రీ?"

"ఏంటి అయిపోయేది?"

"చూడటం. మమ్మల్ని చూడటం అయిపోయిందా? ఎవరెవరని తేల్చారా?"

"ఎవరెవరూ లేదు. బంతిలో గాలి పోయింది, అంతే."

"గాలి నేను కొట్టించుకొస్తాను. మా వీధి చివరే సైకిలు షాపు. ఒక్క పరుగు." ఆయన అప్పుడే చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు. మిగతావాళ్లు మేస్త్రి మొహంలో ఏదో వెతుకుతున్నారు. తమ్ముడు కూడా వెతుకుతున్నాడు, సొంత అన్న మొహంలో. ఆ చూపుని మేస్త్రి తట్టుకోలేకపోయాడు. లోపలికి పోయి, తాళం తీసి, బంతి తెచ్చాడు. దాన్ని చూడగానే అందరి భుజాలూ దిగాయి. గాలి నిండుగానే ఉంది దాంట్లో. ఎవరూ అడగలేదు.

ఆ వారం చివర్లో మేనేజరు మేస్త్రిని పైకి పిలిచాడు. చిరిగిన దుప్పట్ల గురించి అడుగుతాడనుకుని వెళ్లాడు. మేనేజరు కిటికీ దగ్గర టీ కప్పుతో నిలబడి కిందకి చూస్తున్నాడు. పెరట్లో కొత్తవాళ్లు ఆడుతున్నారు.

"మేడమ్ మంచి పనే పెట్టిందోయ్," అన్నాడు. "నేను ఇన్నాళ్లూ వీళ్లని సరిగ్గా చూడనే లేదు. ఎవరికి చురుకుందో, ఎవరికి లేదో ఇక్కడి నుంచి బాగా తెలుస్తోంది."

"అది ఆట సార్. పని వేరు."

"మనిషి ఒకడేగా." మేనేజరు టీ గుటక వేశాడు. "ఆ నీలం చొక్కా ఎవడు? అటు చివర. వంగలేకపోతున్నాడు. పనిలో కూడా అంతేనా?"

"లేదు సార్. పనిలో గట్టివాడు. తడి మూట ఒక్కడే ఎత్తుతాడు. సెలవు పెట్టడు." తన నోట్లోంచి వస్తున్న మాటలు ఎక్కడివో మేస్త్రికి తెలిసింది, అయినా ఆపలేకపోయాడు. "జ్వరంలో కూడా వస్తాడు సార్."

"ఊఁ," అన్నాడు మేనేజరు. అంతే అన్నాడు. ఆ తరవాత చిరిగిన దుప్పట్ల గురించి అడిగాడు. ఏం జవాబు చెప్పాడో మేస్త్రికి గుర్తులేదు.

మెట్లు దిగుతూ అతను ఆ 'ఊఁ'ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అందులో ఏమీ లేకపోవచ్చు. టీ తాగే మనిషి ఊసుపోక అడిగి ఉండొచ్చు. లేదా అందులోనే అంతా ఉండొచ్చు. ఇన్నాళ్లూ అలాంటిదేమీ లేదని తమ్ముడికి ఒట్టేసి చెప్పినవాడు, ఇప్పుడు ఉందో లేదో తనే చెప్పలేడు. మేడమ్‌కి చెబుదామా అంటే, ఆమె మళ్లీ అందరినీ పిలిచి భయపడొద్దంటుంది. తమ్ముడికి చెబుదామా అంటే, చెప్పడానికి కొత్త ఏముంది? వాడికి మొదట్నుంచీ తెలుసు.

మిగిలిన పని ముగించుకుని అతను ఇంటికి వచ్చేసరికి వీధిలో ఇంకా వెలుతురుంది. భార్య గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. "ఇదేంటో చూడండి," అంది, కత్తితో చూపిస్తూ. "మీ తమ్ముడు ఆ కుర్చీలోంచి లేచాడు. మీకోసమే చూస్తున్నాడట."

తమ్ముడు లోపల్నుంచి బంతితో వచ్చాడు. పాతది, పక్కింటి పిల్లలదేమో, కుట్లు ఊడి ఉన్నాయి. "అన్నా, నువ్వు అలిసిపోయావా?"

"లేదురా. ఏం?"

"కాస్త నేర్పిస్తావా? కింద నుంచి వచ్చే బంతి నాకు అందట్లేదు. అందరిలోకీ నేనే వెనకపడ్డానేమో అనిపిస్తోంది."

మేస్త్రి భార్య తరగడం ఆపేసి మొగుడి కేసి చూసింది. ఆమె కళ్లలో సంతోషం ఉంది. ఇన్నాళ్లకి మరిది తనంతట తను ఒకటి కావాలని అడిగాడు. "వెళ్లండి, ఆడించండి," అంది. "నేను టీ పెడతాను."

ఇద్దరూ వీధిలోకి దిగారు. మేస్త్రి కాస్త దూరం నడిచి తిరిగి నిలబడ్డాడు. తమ్ముడు ఎదురుగా చేతులు ముందుకు చాపి, రెండు అరచేతులూ కలిపి ఎదురుచూస్తున్నాడు. ఎంత కాలం నుంచి కోరుకున్నాడు ఈ దృశ్యాన్ని. మేస్త్రి బంతి వేశాడు. తమ్ముడి చేతులకి తగిలి పక్కింటి గోడకి కొట్టుకుంది. తమ్ముడు పరుగెత్తి తెచ్చి ఇచ్చాడు. మళ్లీ వేశాడు. ఈసారి సరిగ్గా లేచింది, పైకి, తిన్నగా, మేస్త్రి చేతుల్లోకే వచ్చి పడింది.

"భలే," అంది భార్య లోపల్నుంచి.

తమ్ముడు నవ్వలేదు. అన్న మొహం వైపు చూశాడు. "ఇది పనికొస్తుందా అన్నా?"

ఇది ఆటరా, పనికి రావడం ఏంటి అని మేస్త్రి అనబోయాడు. ఎదురుగా నీలం చొక్కా, చాపిన చేతులు, సరిగ్గా వంగని మోకాళ్లు. పైన కిటికీలోంచి చూస్తే ఎలా కనిపిస్తాయో అతనికి ఇప్పుడు తెలుసు.

"బంతి బానే లేచింది," అన్నాడు. "మోకాళ్లే ఇంకా వంగట్లేదు. ఇంకొంచెం వంచు. నొప్పి పుడితే పుట్టనీ."

తమ్ముడు వంగాడు.

"ఇంకా," అన్నాడు మేస్త్రి, బంతి ఎత్తుతూ.